వృత్తం మీద మా అన్న

ఎస్సై విజయదుర్గ గంటలో వస్తానని చెప్పి వెళ్ళింది. ఈలోపు నేను ఆలోచించి పెట్టుకుంటే వచ్చాక రాసుకుంటుందట. ఆలోచించడానికేముంది, ఉన్నది ఉన్నట్టు చెప్పడమే కదా అన్నట్టు చూసింది ఆవిడ, ఆ ఉన్నదేదో తేలకనే కదా నా బాధంతా. కుర్చీ ఇనుపది, ఎంతసేపు కూర్చున్నా వెచ్చబడదు. ఎదురుగా కిటికీ, కిటికీలో ఎల్బీనగర్ చౌరస్తా, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న ఫ్లైఓవర్లు, కింద విజయవాడ బస్సు కోసం సంచులు పట్టుకుని నిలబడ్డ జనం. మధ్యాహ్నం ఎండలో వీళ్ళందరూ ఎక్కడికో పోతున్నారు, ఎవరి తలుపు వాళ్ళే తీసుకుని బయటికొచ్చి ఉంటారు, తలుపు తీసుకోవడం ఒక పని అని కూడా వాళ్ళకు తోచి ఉండదు. నా వెనక వార్డు తలుపు ఓరగా తెరిచి ఉంది. తలుపు పక్క మొదటి మంచం మీద మా వదిన మాలతి. తుంటి విరిగింది, ఎడమకాలు మోకాలి కింద విరిగింది, రేపు ఆపరేషన్ అంటున్నారు. నిన్న రెండో అంతస్తు బాల్కనీ నుంచి పడింది. ఎట్లా పడ్డావమ్మా అని ఎస్సై ఎన్ని విధాల అడిగినా గోడవైపు చూస్తూ ఒకటే మాట, "ప్రసన్ననడుగుండ్రి. ఆమె ఏం జెప్తె అదే." ఆ ప్రసన్నను నేనే. మా అన్న అశోక్ మాత్రం చీరలు ఆరేస్తుంటే కాలు జారిందని చెప్పాడు. రైలింగుకు కట్టిన చీరలు ఒకదానికొకటి ముడేసి ఉన్నాయని, ఇంటికి బయటనుంచి తాళం ఉందని వాచ్‌మన్ సైదులు నాకు చెప్పాడు, పోలీసులకు చెప్పలేదు, కిరాయికుండేటోళ్ళ లొల్లి నాకెందుకమ్మా అన్నాడు. ఇప్పుడు నేను చెబితే అన్న స్టేషన్‌కు పోతాడు. చెప్పకపోతే ఎముకలు అతుక్కున్నాక వదిన మళ్ళీ ఆ ఇంటికే పోతుంది. ఇంతకుమించి ఇందులో ఏమీ లేదు, అయినా నాకు గంట చాలడం లేదు.

నన్నే అడగమని ఎందుకంది? మనుషుల స్వభావాల మీద నేను పీహెచ్‌డీ చేస్తున్నాననా, యూనివర్సిటీ హాస్టల్లో ఉండి లావు లావు పుస్తకాలు చదువుతాను కాబట్టి మా అన్న ఎలాంటివాడో నాకు తెలిసి ఉంటుందనా? నా దగ్గరున్నదల్లా ఒక వృత్తం. కాగితం మీద సున్నా గీస్తాం, పైన పెత్తనం, కింద అణకువ, కుడిపక్క ఆప్యాయత, ఎడమపక్క కాఠిన్యం. కొన్ని ప్రశ్నలు అడిగి, వచ్చిన మార్కుల్ని బట్టి మనిషిని ఆ సున్నాలో ఒక చుక్కగా పెడతాం. చుక్క నడిమధ్యకు దగ్గరగా ఉంటే మనలాంటి మామూలు మనిషి, అంచుకు జరిగినకొద్దీ ఆ స్వభావం జబ్బవుతుంది. దిక్కు మాత్రం మారదు, దూరమే మారుతుంది. మామూలువాళ్ళకూ జబ్బువాళ్ళకూ ఈ ఒక్క వృత్తమే సరిపోతుందా, లేక వాళ్ళది వేరే లోకమా, వేరే బొమ్మ గీయాలా, ఇదీ నేను పరీక్షించి తేల్చాల్సింది. పరీక్షించడమంటే తెల్లకోటు, గాజు గొట్టాలు కాదు, బడంగ్‌పేట్‌లో మా పద్మశాలీల కాలనీలో ఇంటింటికీ తిరిగి, పెట్టిన చాయ్ తాగి, మీ ఆయన ఎలాంటివాడమ్మా అని అడగడం. నాకు చాయ్‌లే ఎక్కువ దొరికాయి.

వృత్తం లెక్క ప్రకారం పెత్తనానికీ ఆప్యాయతకూ సంబంధం ఉండకూడదు, ఒకటి నిలువు గీత, ఒకటి అడ్డ గీత. పెత్తనం చేసేవాడు ప్రేమగా ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మా కాలనీ జవాబులు కంప్యూటర్లో వేస్తే ఆ రెండు గీతలూ దగ్గరికి జరిగి అతుక్కుపోయాయి. వృత్తం రాలేదు, నొక్కిన జొన్నరొట్టె లాంటిదేదో వచ్చింది. మా గైడు లలితకుమారి మేడంది గుంటూరు దగ్గర, చాలా నెమ్మదిగా మాట్లాడుతుంది, నెమ్మదిగానే కోస్తుంది. "నువ్వు ప్రశ్న సరిగ్గా అడగలేదమ్మా. పెత్తనం అంటే వీళ్ళు గౌరవం అనుకుంటున్నారు. ఆ ప్రశ్నలు తీసేసి మళ్ళీ చెయ్యి, వృత్తం అదే వస్తుంది," అంది. వాళ్ళేమనుకున్నారో నాకు తెలుసు, అడిగినప్పుడు ఎదురుగా ఉన్నదాన్ని నేనే కదా. ఆయన మాట కాదంటే ఊరుకోడా అని అడిగితే ఆడవాళ్ళ మొహాలు వెలిగేవి. మా ఇంట్ల పెత్తనమంత ఆయనదే, ఎంతుంటె అంత ఎయ్ బిడ్డా అనేవాళ్ళు. కొన్ని ఇళ్ళల్లో మగవాళ్ళు కూడా పక్కనే కూర్చుని, తమ మార్కులు తాము చూసుకుని తృప్తిగా నవ్వేవాళ్ళు. మగ్గం ఉన్న ఇల్లు అలాగే ఉంటుంది, ఒక చీర నలుగురి పని, నూలును ఆసు పోసేవాళ్ళు ఒకరు, రంగు ముడులు కట్టేవాళ్ళు ఒకరు, నేసేవాళ్ళు ఒకరు, ఎవరి స్వభావం ఎవరిదని విడదీసి అడిగితే వాళ్ళకు అదో వింత. మొదటి జవాబులు మా ఇంట్లోనే తీసుకున్నాను, చేతికందిన వాళ్ళు వాళ్ళే కదా. వదిన పెన్ను పట్టుకుని పెత్తనం దగ్గర ఆగింది. అన్న భుజం మీదనుంచి తొంగి చూసి, "ఫుల్ ఎయ్," అన్నాడు. ఆప్యాయత దగ్గర ఆయన ఏమీ అనలేదు, వదినే ఫుల్ వేసింది. ముగ్గురం నవ్వుకున్నాం.

మా అన్నను ఆ సున్నాలో పెట్టాలంటే నాకు చెయ్యి ఆడదు. నాయన బాలనర్సయ్య నాకు ఊహ తెలియకముందే పోయాడు. అమ్మ భూలక్ష్మి పోచంపల్లిలో ఆసు పోసేది, అర్ధచంద్రంలా మేకులు బిగించిన చట్రం ముందు కూర్చుని, మధ్య మేకు నుంచి అంచు మేకుకు, అంచు నుంచి మధ్యకు, పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా చెయ్యి ఆడిస్తూనే ఉండేది. భుజం పడిపోయింది, తరవాత మనిషే పడిపోయింది. నేను అప్పుడు ఏడో తరగతి. అన్న మగ్గం అమ్మేసి నన్ను తీసుకుని పట్నం వచ్చాడు, దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో గుమాస్తాగా చేరాడు, వచ్చినవాళ్ళ ముందు పొద్దంతా చీరలు పరచడం, పోయాక మడత పెట్టడం. ఇప్పుడు అదే సందులో ఆయనకు సొంత షాపుంది. నా జడ ఆయనే వేసేవాడు, నేతగాడి వేళ్ళు కదా, పాయలు ఎంత సమంగా వచ్చేవో క్లాసులో అమ్మాయిలు అడిగేవాళ్ళు మీ అమ్మ బాగా వేస్తుందే అని. చైతన్యపురిలో ఒక గది కిరాయికి తీసుకున్నాం. ఇంటర్ పరీక్షల సెలవుల్లో నన్ను లోపల పెట్టి తాళం వేసి షాపుకు పోయేవాడు. ఒక్క ఆడపిల్ల, చుట్టూ కోచింగ్ పోరగాళ్ళు, ఆయన భయం ఆయనది. ఇక్కడే నేను తడబడతాను. ఆ తాళం నాకు ఇష్టం. టక్కుమని పడగానే ఇంకెవరూ రారని మనసు కుదుటపడి పుస్తకం తెరిచేదాన్ని. పీజీ ఎంట్రన్స్ చదివిన ఏడాది ఆయన మరిచిపోయి గుమ్మం దాటితే నేనే పిలిచి, అన్నా తాళం అనేదాన్ని. ర్యాంకు వచ్చిన రోజు ఆయన వీధంతా మిఠాయి పంచాడు, గురువులకు నమస్కారం చేసినట్టు నేను మనసులో ఆ తాళానికి దండం పెట్టుకున్నాను. అదే మనిషి, అదే తాళం వేయడం, నాకు వేస్తే చదువు, వదినకు వేస్తే నేరమా? దిక్కు ఒకటే, దూరమే వేరని ఎస్సై రాసుకుంటుందా? రాసుకోదు. ఆవిడకు సంతకం పెట్టే మాట కావాలి.

వదినది పెద్ద అంబర్‌పేట్, వాళ్ళదీ సాలె ఇల్లే. పెళ్ళయిన కొత్తలో పక్క ఫ్లాట్లో దొంగలు పడ్డారని తాళం మొదలైంది. దొంగల్ని పట్టుకున్నారు, తాళం మాత్రం అలాగే ఉండిపోయింది. అన్నకు ఆమె అంటే ప్రాణం, ఇది నేను ఎక్కడైనా చెబుతాను. మంచి పట్టు చీర షాపుకొస్తే ముందు ఆమె భుజం మీద వేసి చూసేవాడు. నూలు చీర కట్టనిచ్చేవాడు కాదు, ఇంత షాపు పెట్టుకుని పెండ్లాం నూలు చీర కడితే నలుగురు ఏమంటారనేవాడు. నేను ఆదివారాలే పోయేదాన్ని, ఆదివారం తలుపు బార్లా తెరిచి ఉండేది. ఒకసారి మామూలు రోజున పోతే తాళం ఉంది. వదిన వంటింటి కిటికీ దగ్గరికి వచ్చింది, అడ్డచువ్వల మధ్య నుంచి చాయ్ గ్లాసు పట్టలేదని గిన్నె మూతలో పోసి అందించింది. నేను బయట మెట్టు మీద, ఆమె లోపల పొయ్యి గట్టు మీద, చాలాసేపు మాట్లాడుకున్నాం. "మీ అన్నకు చెప్పరాదు, ఒక తాళంచెవి నాకియ్యమని. తూరుపు కిటికీల కూరగాయలామె కనవడతది, కిందికి పోయి నేనే ఏరుకోవాలనిపిస్తది," అంది నవ్వుతూ. వంకాయలు ఏరుకోవడానికి ఇంత మురిపెమా అని నేనూ నవ్వాను. నిన్న ఆమె ముడేసిన చీరలన్నీ పట్టువే. పట్టు ముడి బరువుకు జారుతుందని పోచంపల్లిలో చిన్నపిల్లను అడిగినా చెబుతుంది, ఆమెకు తెలియకనా? ఇంట్లో నూలు చీర ఒక్కటీ లేదు. తెలిసే ముడేసింది, తెలిసే కాలు బయట పెట్టింది.

అన్న మందుల సంచితో మెట్లెక్కి వచ్చాడు. చొక్కా వెనకంతా చెమట. ముందు వార్డులోకి పోయి వదిన దుప్పటి సరిచేసి, ఫ్యాను గాలి మొహానికి కొడుతోందని కాస్త పక్కకు తిప్పించి, నా దగ్గరికి వచ్చాడు. "పొద్దట్నించి ఏం తిన్నవ్ బిడ్డా? మొకం జూడు ఎట్లయిందో. ఇగో నీళ్ళన్న తాగు," అని సీసా మూత తీసి ఇచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. పట్టుకున్నాను, తాగలేదు. బయటికొస్తే నేను నీళ్ళు తాగను, ఎప్పుడూ అంతే, హాస్టల్లో స్నేహితులు ఒంటె అని ఏడిపిస్తారు, నేనూ నవ్వి ఊరుకుంటాను. ఎందుకు తాగనో ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. చైతన్యపురి ఇంట్లో బాత్రూము బయట ఉండేది. కిరాయిదార్లందరికీ కలిపి ఒకటే, పెరట్లో, నీళ్ళ ట్యాంకు పక్కన. తాళం పడ్డాక మధ్యాహ్నం అన్న వచ్చేదాకా అక్కడికి పోయేది లేదు. మొదట్లో కాళ్ళు ముడుచుకుని కూర్చుని చదివేదాన్ని. ఒకరోజు ఆగలేక తలుపు కొట్టాను, పక్క పోర్షన్ గోపయ్య తాత వచ్చి, మీ అన్న వచ్చేదాంక ఓర్సుకో బిడ్డా, చెవి నా దగ్గర లేదు గద అన్నాడు. ఓర్చుకోలేకపోయాను. పాత లుంగీతో నేల తుడిచి, ఆ లుంగీని ఇనప్పెట్టె వెనక దాచి, అన్న వచ్చేసరికి పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. మర్నాటి నుంచి పొద్దున నీళ్ళు తాగడం మానేశాను. పదహారేళ్ళ పిల్లను, సిగ్గు. అంతే జరిగింది, ఇంకేం కాలేదు, ర్యాంకు కూడా వచ్చింది. తాళం నాకిష్టమన్నది అబద్ధం కాదు. నేల తుడిచింది కూడా అబద్ధం కాదు. రెండూ ఒకే చోట, ఒకే చుక్కలో ఉన్నాయి, మా కాలనీ లెక్కలో రెండు గీతలు అతుక్కున్నట్టు. లలితకుమారి మేడం, ఏ ప్రశ్న తీసేయమంటారు?

విజయదుర్గ వచ్చింది, వెంట ఒక కానిస్టేబులమ్మాయి. అన్న గబుక్కున లేచి తన కుర్చీ ఇచ్చి నిలబడ్డాడు. ఆవిడ కూర్చుని పెన్ను తీసింది.

"చెప్పండమ్మా. ఆవిడ పడ్డప్పుడు ఇంటి తలుపు తీసి ఉందా?"

"లేదు మేడం," అన్నాను. "బయటనుంచి తాళం ఉంది. రోజూ ఉంటది. ఆమె దగ్గర చెవి లేదు."

అన్న ఉలిక్కిపడతాడనుకున్నాను, అరుస్తాడనుకున్నాను, అరిస్తే బాగుండు అనుకున్నాను. ఆయన తల ఊపుతున్నాడు. పదిమందిలో తన గురించి మంచిమాట చెబుతుంటే సిగ్గుపడుతూ వినే మనిషిలా వింటున్నాడు.

"సక్కగ జెప్పు బిడ్డా, మేడం రాసుకుంటుంది గద," అన్నాడు. మళ్ళీ ఆవిడవైపు తిరిగి తనే అందుకున్నాడు. "పొద్దున షాపుకు పోయేటప్పుడు ఏస్త మేడం. మధ్యాన్నం అన్నానికొచ్చి తీస్త, ఇద్దరం తిన్నంక మల్ల ఏస్త. పెండ్లయినకాడికెళ్ళి ఒక్కనాడు మర్వలే. ఎండలయినా ఆనలయినా నేనే ఒస్త, ఇంకొకల చేతికి చెవి ఇయ్య."

విజయదుర్గ పెన్ను ఆగింది. "ఆవిణ్ణి లోపల పెట్టి తాళం వేసేవారా?"

"మరి ఒక్కతే ఉంటది గద మేడం, ఎవ్వలు దిక్కు? మా చెల్లెను గూడ గట్లనే సదివించిన. అమ్మ లేని పిల్ల, ఒక్క మాట పడకుంట పెంచిన. గిప్పుడు డాక్టరేటొస్తుంది. ఆమెనే అడుగుండ్రి."

ఆవిడ నావైపు చూసింది. "నిజమేనా?"

"నిజమే."

"మరి మీరు బాగానే ఉన్నారు, చదువుకున్నారు." ఆవిడ ఓరగా ఉన్న తలుపువైపు చూసి గొంతు తగ్గించింది. "ఆవిడకు ముందునుంచీ ఏమైనా ఉందా? మతిస్థిమితం లేకపోవడం, అట్లాంటిది? మీ సబ్జెక్టే కదా, మీరు చెబితే అదే రాస్తాను."

అంటే ఒకరిని అంచుకు తోయాలి. ఒక తాళానికి ఇద్దరు ఆడవాళ్ళు, ఒకతి ర్యాంకు తెచ్చుకుంది, ఒకతి రెండో అంతస్తు నుంచి దిగబోయి పడింది, నేను మామూలు మనిషినైతే ఆమెది జబ్బు. వదిన ఇందుకే నన్ను అడగమందా, లేక నేను ఏం చెబుతానో ముందే తెలిసి ఆశ వదులుకుని అందా? అన్న నావైపు నమ్మకంగా చూస్తున్నాడు. నా జడ వేసిన చేతులు, మందుల సంచి పట్టుకుని. ఈ ప్రపంచంలో నాకున్న ఒక్క మనిషి.

"ఆమెకేం లేదు మేడం," అన్నాను. "నేనే బాగలేను. లోపల బాత్రూము లేకుండె. ఒకపారి ఆగలేక ఇంట్లనే అయింది, నేనే తుడుసుకున్న. అప్పట్నించి పొద్దున నీళ్ళు తాగుడు బంద్ చేసిన. ఇప్పటికీ తాగ. గది తలుపు ఎవరన్న దగ్గరికేస్తే చేతులు చల్లబడతయి. మా అన్న చెడ్డోడు కాదు. అయినా తాళమేసుడు తప్పు. నాకేసినప్పుడూ తప్పే."

విజయదుర్గ రాసుకోవడం మొదలుపెట్టింది. అన్న మొహం చూడకూడదనుకుంటూనే చూశాను. కోపం లేదు. ఏదో లెక్క తప్పిపోయి మొదటినుంచీ కూడుకుంటున్నవాడిలా పెదాలు కదిలాయి. సంచి కింద పెట్టి నా ముందు గొంతుక్కూర్చున్నాడు, చిన్నప్పుడు చెప్పుల పట్టీ పెట్టడానికి కూర్చున్నట్టు.

"గిట్లని నాకెప్పుడు జెప్పలే గద బిడ్డా," అన్నాడు. కళ్ళనిండా నీళ్ళు. "ఒక్క మాటంటె తాళం తీసి పోకపోదునా? నీ నోట్లెకెళ్ళి ఒక్క మాట. నేనేమన్న పరాయోన్నా? అడిగితె నేనెప్పుడన్న కాదన్ననా?"

కాదనడు. నా విషయంలో ఏనాడూ కాదనలేదు, అది నిజం. అడిగి ఉంటే తీసేవాడేమో, నేనే సిగ్గుపడి ఊరుకున్నానేమో, ఆ లుంగీ దాచకుండా చూపించి ఉంటే ఇవాళ వదిన తన కాళ్ళ మీద నిలబడి ఉండేదేమో. ఆయన భుజం మీద చెయ్యి వేశాను.

అప్పుడు నా వెనకనుంచి, ఓరగా ఉన్న తలుపు లోపలినుంచి వినిపించింది. పెద్దగా అనలేదు, మందుల మత్తులో మాట ముద్దగా వచ్చింది, అయినా అందరికీ తెలిసింది.

"నేనడిగిన. రోజు అడిగిన."

కానిస్టేబులమ్మాయి తలుపువైపు తిరిగింది. విజయదుర్గ తిరిగింది. అన్న తిరగలేదు. నా మొహంలోకే చూస్తూ, అర్థం కానట్టు, "ఏమంటుంది బిడ్డా ఆమె?" అని నన్ను అడిగాడు.